ఆసరాకు ఇంగ్లీషులో ఎన్ని మాటలు

సపోర్ట్, సస్టెయిన్, అప్‌హోల్డ్, బేర్, ప్రాప్, బ్రేస్, బోల్‌స్టర్, బట్రెస్. నిద్రలో లేపి అడిగినా ఈ వరసలోనే చెబుతాను. తాడేపల్లిగూడెంలో తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు నేర్పిన వరస ఇది. ఆ తర్వాత ఆయన మీద కసితో నేను ఇంకా చాలా పోగేశాను. షోర్ అప్, అండర్‌పిన్, బ్యాక్, స్టాండ్ బై, ఛాంపియన్. ఆయన దగ్గర లేని మాట ఒకటైనా నా దగ్గర ఉండాలన్నది నా పంతం. కొందరు చదువు మీద ఇష్టంతో చదువుకుంటారు. నేను పగతో చదువుకున్నాను. పగతో చదివినా మార్కులు అన్నే వస్తాయి.

ఇప్పుడు ఏలూరు పక్కన వట్లూరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. పోటీ పరీక్షలకు వెళ్ళే పిల్లలకు పర్యాయపదాలు తప్పనిసరి. సపోర్ట్ అన్న మాట వచ్చిన రోజున బోర్డు మీద అన్నీ రాసి, ఒక్కోదానికీ తెలుగు చెబుతాను. బేర్ అంటే మోయడం. సస్టెయిన్ అంటే ప్రాణం పోకుండా నిలబెట్టడం. ప్రాప్ అంటే గెల వేసిన అరటిచెట్టు ఒరిగిపోకుండా కర్ర ఊతం పెట్టడం. బోల్‌స్టర్ అంటే నీరసపడ్డవాడికి ధైర్యం చెప్పి లేపడం. బట్రెస్ అంటే పెద్ద గోడ బయటికి ఒరగకుండా దానికి ఆనించి కట్టే ఇంకో గోడ, తెల్లదొరలు కట్టిన పాత చర్చీలకు ఉంటుంది, వెళ్ళి చూడండి అంటాను. ఈ మాట చెప్పే రోజు మేడమ్‌కు హుషారు ఎక్కువని పిల్లలు అనుకుంటారు. అది హుషారు కాదు.

మాది కొల్లేరు లంకల్లో ఒక ఊరు. నాన్న వేరేవాళ్ళ చేపల చెరువుకు కాపలా ఉండేవాడు. ఊళ్ళో బడి చిన్న తరగతులతోనే ఆగిపోతే, నన్నూ అక్కనూ తాడేపల్లిగూడెంలో మేనత్త ఇంటికి పంపారు. అక్క నాకంటే పెద్దదే గానీ ఇద్దరిదీ ఒకే తరగతి. తమ్ముడు పుట్టిన ఏడు అమ్మ మంచం పడితే అక్క బడి మానేసి ఇల్లంతా తనే చూసుకుంది. బియ్యం కడిగింది, పిల్లాణ్ణి ఎత్తుకుంది, చెరువు గట్టు మీదికి నాన్నకు క్యారేజీ మోసింది. ఇలాంటి వాటికి బళ్ళో మార్కులు వేయరు కాబట్టి ఆ ఏడు లెక్కలోకి రాకుండా పోయింది. అందుకే మా అక్క నా బెంచీలో నా పక్కన కూర్చునేది.

ఇంగ్లీషు మాస్టారు చెడ్డమనిషని పేరు పడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదేమో. ఊరంతా ఆయనంటే ప్రాణం పెట్టేది. బెత్తం పట్టేవారు కాదు, పిల్లల మీద చెయ్యి ఎత్తేవారు కాదు. ఎంత చిన్నపిల్లనైనా 'అమ్మా' అనే పిలిచేవారు. జోకులు వేసేవారు. ఆ జోకుల కోసం పక్క సెక్షన్ వాళ్ళు కిటికీల దగ్గర నిలబడేవారు. సోమవారం బోర్డు మీద ఒక ఇంగ్లీషు మాట రాసి, దాని కింద అదే అర్థం వచ్చే మాటలు రాసేవారు. శుక్రవారం ఒక్కొక్కరూ లేచి వరసగా ఒప్పజెప్పాలి. పక్కవాళ్ళు అందించకూడదు. రానివాళ్ళకు గోడకుర్చీ.

గోడకుర్చీ వేయనివాళ్ళకు అదొక ఆటలా కనిపిస్తుంది. గోడకు వీపు ఆనించి, కింద ఏమీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఉండాలి. చేతులు తొడల మీద పెట్టకూడదు. కాసేపటికి తొడలు వణుకుతాయి, ఆ తర్వాత మంట పుడుతుంది, ఆ తర్వాత కాళ్ళు మనవి కావు. లేచాక వీపంతా సున్నం. ఇంటికి వెళ్తే మా మేనత్త ఆ సున్నం చూసి ఇవాళ ఏ మాట రాలేదే అని అడిగేది.

సపోర్ట్ వారంలో అక్క ఆ ఎనిమిది మాటలూ నాకంటే ముందే బట్టీ పట్టింది. గిన్నెలు తోముతూ నాచేత ఒప్పజెప్పించుకుంది కూడా. శుక్రవారం నాటికి ఆమెకు ఒళ్ళు కాలిపోతోంది. మేనత్త వద్దంటున్నా, ఇప్పటికే ఒక ఏడు పోయింది, ఇంక ఒక్క రోజు కూడా పోనివ్వనని బయల్దేరింది. పాఠం మొదలు కాగానే లేచి, బయటికి వెళ్ళొస్తానండీ అని మాస్టారిని అడిగింది. ఆయన నవ్వి, అలాగే వెళ్దువుగాని, ముందు ఎనిమిది మాటలూ చెప్పి వెళ్ళమ్మా అన్నారు. అక్క ఏడు చెప్పింది. ఎనిమిదోది రాలేదు. బోల్‌స్టర్ దగ్గర ఆగిపోయి, పెదాలు తడుపుకుంటూ నిలబడింది.

నేను ఉండబట్టలేక బట్రెస్ అని గట్టిగా అరిచాను. అందించినందుకు నాకూ గోడకుర్చీ పడింది. ఇద్దరం పక్కపక్కన గోడకు ఆనుకున్నాం. అక్క మళ్ళీ అడిగింది, అండీ బయటికండీ అని. మాట చెప్పమ్మా, నీ చెల్లెలు అరిచి మరీ చెప్పిందిగా అన్నారాయన. అక్కకు జ్వరంలో నా అరుపు కూడా వినపడలేదు. కాసేపటికి ఆమె కాళ్ళ దగ్గర గచ్చు తడిసింది. అది పారుకుంటూ ముందు బెంచీల కిందికి వెళ్ళింది. అక్క కళ్ళు మూసుకుంది గానీ, గోడకుర్చీ మాత్రం వదల్లేదు. లేవమని ఎవరూ చెప్పలేదు మరి.

మాస్టారు కిందికి చూశారు. తరగతి వైపు తిరిగారు. మా ఊరు ఎక్కడో ఆయనకు తెలుసు. "కొల్లేరు పొంగిందర్రా," అన్నారు. తరగతి తరగతంతా బల్లలు చరుస్తూ నవ్వింది. కిటికీల దగ్గర ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

తెలుగులో వత్తాసు అని ఒక మాట ఉంది. పెద్దవాడు ఏమంటే దానికి తల ఊపి, అవునవునని వంత పాడి, అతని పక్షాన నిలబడడం. అదీ ఒక రకం ఆసరాయే. ఇంగ్లీషులో ఇన్ని మాటలు నేర్చుకున్నాను గానీ వత్తాసుకు సరిగ్గా అతికే మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆ రోజు తరగతి చేసింది వత్తాసు. ఒక్కడు నవ్వితే జోకు చచ్చిపోతుంది. అందరూ నవ్వితేనే అది ఊరంతా పిలిచే పేరైపోతుంది.

అక్క పేరు ఆ క్షణం నుంచి కొల్లేరు. సోమవారం బడి గేటు దగ్గరే ఒకడు అలా పిలిచాడు. అక్క గేటు దాటి లోపలికి రాలేదు. వెనక్కి తిరిగి మేనత్త ఇంటికి, అక్కడి నుంచి మా ఊరికి వెళ్ళిపోయింది. నాన్న రెండు మూడు సార్లు బతిమాలాడు. అమ్మ పాస్టరు గారి చేత చెప్పించింది. ఎందుకు మానేసిందో అక్క ఎవరికీ చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు. ఆ తొమ్మిదో తరగతితో ఆమె చదువు అయిపోయింది.

ఇప్పుడు అక్క కాపురం ఏలూరులో. చేపలు ఐసులో పెట్టి లారీలకు ఎక్కించే ప్యాకింగ్ షెడ్డులో ఆడవాళ్ళందరి మీదా మేస్త్రి. ఆమె గొంతెత్తితే లారీ డ్రైవర్లు కూడా సిగరెట్ పారేస్తారు. అలాంటి మనిషి కూతురి కాలేజీ గేటు దాకా వచ్చి, చెప్పులు చూసుకుంటూ బయటే నిలబడిపోతుంది. తల్లిదండ్రుల మీటింగులకు ఎప్పుడూ నేనే వెళ్తాను. వాళ్ళమ్మకు చదువంటే పడదేమోనని ఒక మేడమ్ నాతో అంది. ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టవలసింది ఆమెను కాదని తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

ఈ మధ్య మా జిల్లాలో ఏ బడి చూసినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. పదో తరగతి బ్యాచ్ వాళ్ళు ఫోనులో గ్రూపు కట్టుకుని, పాత మాస్టర్లను వెతికి పట్టుకొచ్చి, శాలువాలు కప్పి కాళ్ళకు దండం పెడతారు. తర్వాత అందరూ పాత తరగతి గదిలో బెంచీల్లో ఇరుక్కుని కూర్చుంటారు. మాస్టారు హాజరు పిలుస్తారు, పాఠం అడుగుతారు. జుట్టు నెరిసినవాళ్ళు కావాలని తప్పు చెప్పి, చెవులు పట్టుకుని గుంజీలు తీసి ఫోటోలు దిగుతారు. మా బ్యాచ్ కూడా మొదలుపెట్టింది. నడిపించేది గూడెంలో బట్టల షాపు ఉన్న ఒక క్లాస్‌మేటు. పదో తరగతికి రాకపోయినా అక్కను వదిలేయకూడదని మంచి ఉద్దేశంతోనే ఆమె నంబరు కూడా కలిపాడు.

కలిపిన రోజే ఎవరో రాశారు, కొల్లేరు గారు కూడా వచ్చేశారా అని. కింద నవ్వుతూ కన్నీళ్ళు కార్చే పసుపు బొమ్మలు వరసగా పడ్డాయి. హైదరాబాదు నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు, గూడెంలోనే ఉన్నవాళ్ళు కొందరు. అందరూ పిల్లల్ని కన్నవాళ్ళే. కాసేపటికి అక్క గ్రూపులోంచి బయటికి వెళ్ళిపోయినట్టు ఒక చిన్న లైను కనిపించింది. ఆ లైను చూశాకే నాకు తెలిసింది, నాది పాత కోపం కాదని, ఇంకా వేడిగానే ఉందని. ఆ మనిషి, ఆ మాట, ఆ తరగతి, ఆ గది మళ్ళీ ఒక చోట చేరబోతున్నాయి. ఆయన చేత ఆ మాటను వాళ్ళందరి ముందూ వెనక్కి మింగించాలి. నాకు కావలసింది అదొక్కటే.

మొదట మైకు అడిగి మొత్తం చెప్పేద్దామనుకున్నాను. ముందు అక్కకు చెప్పడం ధర్మమనిపించి ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె చేపలు తోముతోంది. నేను చెప్పిందంతా విని, కత్తిపీట పక్కకు జరిపింది. "నువ్వు ఏమన్నా చేసుకో. నా పేరు మాత్రం ఎత్తకు. నా సంగతి నీ నోటెంట మళ్ళీ వాళ్ళ చెవిని పడిందంటే నీ గడప తొక్కను," అంది. వెళ్ళొద్దని మాత్రం అనలేదు. నేను ఆ రెండు ముక్కలూ పట్టుకుని ఇంటికి వచ్చాను.

పేరు ఎత్తకూడదు, సంగతి చెప్పకూడదు. అంటే చెప్పవలసినవాడు ఆయనే. ఆయన చేత ఎలా చెప్పించాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. తర్వాత ఒక సాయంత్రం వంటింట్లో కుక్కర్ పెట్టి, గోడకు వీపు ఆనించి మోకాళ్ళు వంచాను. మొదటి విజిల్ రాకుండానే జారి కూలబడ్డాను. అయినా మర్నాడు మళ్ళీ వేశాను. సమ్మేళనానికి ఇంకా టైముంది. మా ఆయన చూసి, మోకాళ్ళ నొప్పికి డాక్టరు చెప్పాడా అన్నాడు. చెప్పాడన్నాను. పోను పోను అన్నం, పప్పు రెండూ ఉడికేదాకా ఉండగలిగాను. ఆ వంట చేసిన రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

సమ్మేళనం రెండో శనివారం పెట్టారు. ఆడవాళ్ళందరూ ఒకే రంగు చీర కట్టుకోవాలని గ్రూపులో నిర్ణయించారు. బ్లౌజు కుట్టి రాలేదని అబద్ధం చెప్పి నేను చుడీదార్‌లో వెళ్ళాను. గేటు దగ్గర అందరి మొహాలతో పెద్ద ఫ్లెక్సీ. పులిహోర, కాఫీలు. మాస్టారు కారు దిగేసరికి మగవాళ్ళు ఎదురు పరుగెత్తారు. బాగా ముసలివారైపోయారు, పక్కనే ఆయన భార్య చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. శాలువా కప్పి, దండ వేసి, ఆయన ఎంత మంచివారో ఒక్కొక్కరూ మైకులో చెప్పారు. ఆయన జోకులే మమ్మల్ని మనుషుల్ని చేశాయి అన్నాడొకడు. నేను చప్పట్లు కొట్టలేదు. నన్ను ఎవరూ గమనించలేదు.

తర్వాత తరగతి గదిలోకి వెళ్ళాం. బెంచీలు మారాయి. సున్నం గోడలకు ఇప్పుడు నున్నటి పెయింటు వేశారు. వీపు జారిపోతుందేమోనని వెళ్ళి అరచేత్తో తడిమి చూశాను. మాస్టారు బోర్డు దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఆయన భార్యకు ముందు బెంచీ ఇచ్చారు. ఏ మాట అడగమంటారర్రా అని ఆయన అడిగితే, సపోర్ట్ అండీ, మీ సపోర్ట్ అండీ అని నాలుగు గొంతులు అరిచాయి. వాళ్ళందరికీ ఆ వారం గుర్తుందన్నమాట. ఎందుకు గుర్తుందో నాకు తెలుసు.

మగవాళ్ళు కావాలని తప్పు చెప్పి గోడ దగ్గర వరసగా గోడకుర్చీలు వేశారు. బొజ్జలు పట్టుకుని నవ్వుతున్నారు. ఫోన్లు పైకి లేచాయి. అప్పుడు మాస్టారు నన్ను లేపారు. నేను ఎనిమిదీ చెప్పి, ఆపకుండా ఆయన బోర్డు మీద ఎన్నడూ రాయనివి కూడా ఊపిరి ఉన్నంత సేపు చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఈ అమ్మాయి లెక్చరరు అయిందంటే సపోర్టు ఎవరర్రా అని తరగతిని అడిగారు. మీరేనండీ అని తరగతి తరగతంతా అరిచింది. మళ్ళీ అదే వత్తాసు, అవే గొంతులు, కాస్త బొంగురుపోయాయి అంతే.

నాకూ గోడకుర్చీ వేయించండి మాస్టారండీ అన్నాను. అన్నీ చెప్పావు కదమ్మా, నీకెందుకు అన్నారాయన. ఆ రోజు కూడా సరిగ్గానే చెప్పానండి, అయినా వేయించారు అన్నాను. అందరూ నవ్వారు. నేను వెళ్ళి మగవాళ్ళ పక్కన గోడకు ఆనుకుని మోకాళ్ళు వంచాను. ఫోటోలు అయిపోయాయి. వాళ్ళందరూ లేచి ప్యాంట్లు దులుపుకుని బెంచీల్లోకి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే ఉండిపోయాను.

చాల్లేమ్మా, లే అన్నారు మాస్టారు. నేను లేవలేదు. "ఒక మాట చెప్తే లేస్తానండి. చెప్పాల్సింది మీరండి," అన్నాను. గొంతు పెంచలేదు. మా వైపు ఎంత కోపంలోనైనా 'అండి' వదలం. "తొమ్మిదో తరగతిలో ఇదే పాఠం ఒప్పజెప్పించిన రోజున, నా పక్కన ఇదే గోడకు ఆనుకున్న పిల్లని చూసి మీరొక మాట అన్నారండి. అది ఇప్పుడు చెప్పండి."

ఆయన నవ్వుతూనే ఆలోచించారు. ఎన్నో అంటుంటానమ్మా అన్నారు. నేను గోడకే ఆనుకుని ఉన్నాను. ఆయన కళ్ళు గది పైకప్పు మీదికి వెళ్ళాయి, కిటికీ మీదికి వెళ్ళాయి, మళ్ళీ నా మీదికి వచ్చాయి. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన తప్పించుకోవడం లేదు, నిజంగానే గుర్తులేదు. ఇన్నేళ్ళూ నేను మోసినదాన్ని తను ఎప్పుడో దించేసిన సంగతి కూడా ఆయన ఎరగడు. కుక్కర్ ముందు వేసిన ఎత్తులన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి. ఆయన సిగ్గుపడతాడని లెక్క వేశాను గానీ, మర్చిపోయి ఉంటాడని అనుకోలేదు. తొడలు వణకడం మొదలైంది.

ఆయన తరగతి వైపు తిరిగి, ఏమన్నాన్రా అని అడిగారు. మీరు చెప్పండర్రా అని మళ్ళీ అడిగారు. తలలన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి. ఒకడు చేతిలో ఫోను బోర్లించాడు. పసుపు బొమ్మలు పెట్టినవాళ్ళు గోళ్ళు చూసుకుంటున్నారు. పక్కవాళ్ళు అందించకూడదండీ, మీరు పెట్టిన నియమమే అన్నాను. దండ మెడలో ఉన్న ఆ ముసలాయన, జవాబు రాక, గది నిండా మనుషులు చూస్తూ ఉండగా పెదాలు తడుపుకుంటూ కూర్చున్నారు. ఆ పెదాలు తడుపుకోవడం నేను ఇంతకుముందు ఒకరి దగ్గర చూశాను. జాలి పడాలని మనసు ఒక్క క్షణం లాగింది. పడలేదు. కడుపు నిండుతున్నట్టుగా ఉంది.

ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నా చంకల కింద చేతులు వేయబోయారు. వద్దన్నాను. పెయింటు గోడ మీద వీపు కొంచెం కొంచెంగా జారుతోంది. ఇంక ఎంతోసేపు పట్టదని నాకు తెలుస్తోంది. అప్పుడు బట్టల షాపతను లేచాడు. ఆ సోమవారం గేటు దగ్గర అక్కను ఆ పేరు పెట్టి పిలిచినవాడు ఇతనే. మైకు తీసుకోలేదు. మాస్టారి దగ్గరికి వెళ్ళి, వంగి, అందరికీ వినపడేలాగే అన్నాడు. "కొల్లేరు పొంగిందర్రా అన్నారండి. జ్వరంతో ఉన్న పిల్లని. బయటికి వెళ్తానంటే పంపకుండా నిలబెట్టి, ఆ పిల్ల ఆపుకోలేకపోతే అన్నారండి. నవ్వింది మేమండి."

మాస్టారు ఆ మాట విని ముందు నవ్వారు. అలవాటుగా, చిన్నగా, తరగతి అందుకుంటుందని ఎదురుచూసే నవ్వు. ఎవరూ అందుకోలేదు. ఆ నవ్వు ఆయన మొహం మీదే ఉండిపోయి, ఏం చేయాలో తెలియక, మెల్లగా పోయింది. నేనన్నానా అన్నారు. సరదాకి అనుంటానమ్మా అన్నారు. మీరే చెప్పాలండి అన్నాను. ముందు బెంచీలోంచి ఆయన భార్య, "ఏవండీ, ఆ అమ్మాయి పడిపోయేలా ఉంది. అన్న మాటే కదా, అనేయండి," అంది. ఆమె మొహం ఆయన వైపు లేదు.

ఆయన చెప్పారు. మాట మాటా స్పష్టంగా చెప్పారు. గదిలో ఎవరూ నవ్వలేదు. బల్ల చప్పుడు కూడా లేదు. నేను గోడ పట్టుకుని లేచాను.

తప్పైపోయిందమ్మా అన్నారు మాస్టారు. అయ్యో, పర్వాలేదండీ అని నేను అనలేదు. మా ప్రాంతంలో కాలు తొక్కినవాడికీ, కూర ఒలకబోసినవాడికీ, ఆఖరికి గోడ కూలగొట్టినవాడికీ పర్వాలేదండీ అంటాం. ఆ మాట కోసం ఆయన ఎదురుచూశారు, గది గదంతా ఎదురుచూసింది. నేను దుపట్టా సర్దుకుని వెళ్ళి నా బెంచీలో కూర్చున్నాను. ఆ క్షమాపణ నాకు చెప్పవలసింది కాదు. నాది కానిదాన్ని నేను ఎలా తీసుకుంటాను, ఎలా మాఫీ చేస్తాను?

భోజనాల్లో గుత్తివంకాయ, కొరమీను పులుసు పెట్టారు. మాస్టారు కంచంలో చెయ్యి పెట్టి తీశారు. నా పక్కన కూర్చోవాలా వద్దా అని కొందరు తటపటాయించారు. నేను పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఆ రోజు తిన్నంత తృప్తిగా నేను పెళ్ళి భోజనం కూడా చేయలేదు. పసుపు బొమ్మ పెట్టినవాళ్ళలో ఒకామె వచ్చి, మీ అక్కకు చెప్పు, మేమేదో సరదాగా అన్నామని, అంది. మీరే చెప్పండి, ఫోను నంబరు ఉందిగా అన్నాను. ఆమె ఆ తర్వాత అన్నం అవగొట్టి త్వరగా వెళ్ళిపోయింది.

సాయంత్రం రైల్లో ఏలూరు దిగి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. మెట్లు ఎక్కలేక రెయిలింగు పట్టుకుని ఎక్కాను. అక్క షెడ్డు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకు ఇంకా ఐసు చల్లదనం ఉంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నొప్పుల తైలం తెచ్చి మోకాళ్ళకు రాయడం మొదలుపెట్టింది. రాస్తూ, నా పేరు ఎత్తావా అంది. ఎత్తలేదన్నాను. మరి ఎవరు చెప్పారు అంది. ఆయనే చెప్పాడన్నాను. చెయ్యి ఆగింది.

మా బెంచీలోనే కూర్చున్న ఒకామె వీడియో తీసి నాకు పంపింది. అది అక్కకు ఇచ్చాను. అక్క తైలం చేతులు చీర కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకుంది. నేను గోడ దగ్గర వణుకుతున్నది చూసి కళ్ళు చిట్లించింది. మాస్టారి మొహం దగ్గరగా కనబడినప్పుడు, ముసలాడైపోయాడే అంది, జాలిగా కాదు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది. అక్క మెడ బిగుసుకుంది. తర్వాత వీడియోలో మనుషులు కదలకుండా కూర్చుని ఉన్నారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

అక్క నమ్మలేదు. సౌండు పూర్తిగా పెంచింది. మళ్ళీ వెనక్కి జరిపి, ఆయన ఆ మాట అన్న చోట నుంచి పెట్టి, ఈసారి ఫోనును చెవికి ఆనించుకుంది. కళ్ళు మూసుకుని వింది.

"ఎవరన్నా నవ్వారా?" అంది.

"లేదు."

"ఒక్కళ్ళు కూడానా?"

"ఒక్కళ్ళు కూడా నవ్వలేదు అక్కా."

అక్క చెవి దగ్గర నుంచి ఫోను తీయలేదు. ఏడవలేదు. లేని నవ్వు కోసం వెతుకుతున్నట్టు తల వంచి, ఆ ఫ్యాను చప్పుడే వింటూ చాలాసేపు కూర్చుంది. వీడియో అయిపోయింది. ఫోను నా చేతికి ఇచ్చి, మంచం మీద నా పక్కన సర్దుకుని కూర్చుంది.

"ఇంకోసారి పెట్టవే," అంది.